పడి మూడు నెలలైంది, ఇప్పటికీ తాళం చెవి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. ఆరేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. ఇల్లు బొమ్మనహళ్లిలో, ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో. అక్టోబర్‌లో ఒక ఆదివారం నేనూ మా ఆవిడా బంధువుల గృహప్రవేశానికి బండి మీద బయల్దేరాం. అప్పుడే వాన వెలిసింది. కూడ్లు గేట్ దగ్గర సర్వీస్ రోడ్డు నుంచి ఎడమకు తిరుగుతుంటే కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టాను. బండి వెనక భాగం జారిపోయి ఇద్దరం ఎడమ పక్కకు పడ్డాం. నాకు మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి. తనకు కాలర్ బోన్ విరిగింది, నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. పట్టుచీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంది. తలకు టోపీలాంటి హెల్మెట్టే ఉంది, అదీ పడగానే ఊడిపోయింది. ఒక ఆటో ఆయన మమ్మల్ని ఆస్పత్రికి చేర్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు.

నాది 150 సీసీ బండి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది. మరి ఎందుకు జారింది? ఇప్పుడు తన ఎముక అతుక్కుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే బండి ఎక్కలేకపోతున్నాను. రాత్రిళ్లు అదే కళ్లముందు ఆడుతోంది. నాకు బండి నేర్పింది మా నాన్నే, ఇప్పుడు ఆయనే అమ్మేయమంటున్నాడు. టైం బాగోలేదని అమ్మ దిష్టి తీయించి నిమ్మకాయలు తొక్కించింది. స్నేహితులేమో, ఎక్కి నాలుగు రోజులు తోలితే భయం అదే పోతుందంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఆవిడ కోలుకున్నారు, ముందుగా అది సంతోషం. బండి అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఇవాళ తేల్చుకోవద్దు. ఆ రోజు అసలేం జరిగిందో తెలిశాక అది తేలికగా తేలుతుంది. మీ ఇంట్లో అమ్మ టైం బాగోలేదంటోంది, నాన్న బండి వద్దంటున్నాడు, స్నేహితులు ఏమీ కాలేదు ఎక్కమంటున్నారు. అందరూ మీ మీద ప్రేమతోనే అంటున్నారు. దిష్టి తీయించుకోవడంలో తప్పేమీ లేదు, అమ్మ మనసు కుదుటపడుతుంది. కానీ రేపు మళ్లీ అలాంటి మలుపులో అలాంటి కుక్కే ఎదురొస్తే మీ చెయ్యి ఎక్కడుండాలో, కాలు ఎక్కడుండాలో వీళ్లెవరి మాటలోనూ లేదు. మీ భయం వదలకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. ఎందుకు పడ్డామో తెలియకపోతే ప్రతి మలుపూ ఆ మలుపులాగే కనిపిస్తుంది.

ముందు ఏబీఎస్ సంగతి చూద్దాం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అయితే మీ తరగతి బండ్లలో చాలావాటికి ఉండేది సింగిల్ ఛానల్ ఏబీఎస్. అది ముందు చక్రాన్ని మాత్రమే చూసుకుంటుంది. వెనక చక్రం బిగుసుకుపోతే దానికి సంబంధం లేదు. వెనక మీకు డ్రమ్ బ్రేకు ఉంటే మీది సింగిల్ ఛానలేనని అనుకోవచ్చు. డిస్క్ ఉంటే బండితో ఇచ్చిన పుస్తకంలో చూడండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: కుక్కను చూడగానే కాలి బ్రేకు గట్టిగా తొక్కారు, వెనక చక్రం బిగుసుకుంది, బండి అప్పటికే ఎడమకు వాలి ఉంది కాబట్టి ఎడమకే జారి పడింది. ముందు చక్రం జారి ఉంటే హ్యాండిల్ చేతిలోంచి ఒక్కసారిగా లాగేసినట్టు అనిపించేది. వెనక భాగం జారిందని మీరే రాశారు.

బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది. బస్సు ఆగినప్పుడు నిలబడినవాళ్లు ముందుకు తూలినట్టే. అప్పుడు ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని కాలితో బలంగా తొక్కితే అది తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. పైగా మీరున్నది మలుపులో. టైరు పట్టును నెల జీతంలా అనుకోండి. మలుపు తిరగడానికే కొంత ఖర్చయిపోతుంది, బ్రేకుకు మిగిలేది తక్కువ. తడి రోడ్డు మీద ఆ జీతమే కోతపడి వస్తుంది. సర్వీస్ రోడ్ల మలుపుల్లో, వాన వెలిసిన వెంటనే, ఎడమ అంచుకు ఇసుక కొట్టుకొచ్చి చేరుతుంది. దాని మీద ఇంకేం మిగులుతుంది?

మీ నాన్నగారు నేర్పేటప్పుడు "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు" అని చెప్పి ఉంటారు. మా నాన్న నాకూ అదే చెప్పాడు. మన ఊళ్లలో చెరువు కట్ట మీదో, మట్టి బాట మీదో బండి నేర్చుకున్న వాళ్లందరం విన్న మాట ఇది. వదులు మట్టిలో ముందు చక్రం బిగుసుకుంటే నిజంగానే పడతాం కాబట్టి అక్కడ ఆ మాటకు అర్థముంది. చిక్కేమిటంటే, ఆ అలవాటునే హోసూర్ రోడ్డు మీదికీ తెచ్చుకున్నాం. నాన్నగారిని తప్పు పట్టాల్సిన పని లేదు, ఆయన తన దారికి తగిన పాఠం చెప్పారు. మీ దారి మారింది.

ఇది మన ఒక్కరి సమస్యే అనుకోకండి. అమెరికాలో లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం 900 పైచిలుకు మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో నివేదిక వచ్చింది. అక్కడా అదే కనిపించింది. చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కి చక్రాన్ని జార్చారు, ముందు బ్రేకును సరిగ్గా వాడలేదు. ఆ నివేదికలో నన్ను కదిలించిన సంగతి ఇంకొకటుంది. ప్రమాదం తప్పించుకోవడానికి నడిపేవాడికి మామూలుగా దొరికే సమయం రెండు సెకన్ల లోపే. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే దాదాపు 28 మీటర్లు. అంత తక్కువ సమయంలో ఆలోచన అందదు. చెయ్యికీ కాలుకూ ఏది అలవాటైతే అదే జరుగుతుంది. అందుకే "ఇకనుంచి జాగ్రత్తగా వెళ్తాను" అనే నిర్ణయం మనల్ని కాపాడలేదు. జాగ్రత్త అనేది బుర్రలో ఉంటుంది, ఆ రెండు సెకన్లలో బుర్రకు వంతు రాదు.

నా సంగతి చెబుతాను. 2008లో బన్నేరుఘట్ట రోడ్డులో, సాయంత్రం ఆరున్నర ప్రాంతం. స్టాపులో ఆగి ఉన్న బస్సును దాటుతున్నాను. బస్సు ముందు నుంచి ఒకాయన చేతిలో పాల ప్యాకెట్ల సంచితో రోడ్డు మీదికి వచ్చేశాడు. కాలి బ్రేకు తొక్కాను. తర్వాత గుర్తున్నది తారు మీద హెల్మెట్ గీసుకుపోతున్న చప్పుడు. చెవి పక్కనే ఎవరో రేకును రాయితో గీకినట్టుంది. ఆయనకు ఏమీ కాలేదు. నా కుడి మణికట్టు విరిగింది. కొబ్బరిబొండాలు అమ్మే మనిషి నన్ను లేపి బండి పక్కకు పెట్టాడు. తర్వాత నెల రోజులు ఎవరడిగినా "ఆయన అడ్డమొచ్చాడు" అనే చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నాకు దాని వల్ల ఏమీ ఒరగలేదు, ఎందుకంటే బెంగళూరులో అడ్డమొచ్చేవాళ్లు రోజూ ఉంటారు.

బండిని బాగు చేసిన మెకానిక్ హిందూపురం మనిషి. బ్రేకులు విప్పి, వెనక లైనర్లనూ ముందు ప్యాడ్లనూ తన అరచేతిలో పెట్టి చూపించాడు. వెనక లైనరు అరిగి అరిగి ఇనుము తేలింది. ముందు ప్యాడ్ల మీద కంపెనీ నుంచి వచ్చినప్పటి గీతలు ఇంకా చెరగలేదు. అప్పటికి ఆ బండి కొని మూడేళ్లు. "మీరు ముందు బ్రేకు వాడటం లేదు సార్" అన్నాడు, అంతే. నాకు ఒళ్లు జలదరించింది. మూడేళ్లు సగం బ్రేకుతో, వెనక పిల్లవాడిని కూర్చోబెట్టుకుని తిరిగాను. మీరు కూడా ఈ పని చేయండి. సర్వీసుకు ఇచ్చినప్పుడు రెండూ విప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. మీ కాలూ చెయ్యీ ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాయో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ఆ తర్వాత నేను నేర్చుకున్న పాఠం చిన్నది. ఆగి ఉన్న బస్సును దాటేటప్పుడు దాని ముందు భాగం అవతల ఏముందో కనిపించేదాకా నడక వేగానికి దిగుతాను, రెండు వేళ్లు ముందు బ్రేకు మీద ఉంచుతాను. అంతే. ఇప్పుడు బస్సు కనపడగానే ఆ వేళ్లు తామే వెళ్లి కూర్చుంటాయి, నేను తలుచుకోనక్కర్లేదు. నాకు తెలిసి పడి లేచి మారినవాళ్లందరి దగ్గరా ఇలాంటి ఒక్కో చిన్న పాఠమే ఉంది. అనంతపురం వెళ్లే ఒక మిత్రుడు బాగేపల్లి దాటాక చీకట్లో, వెనక లైటు లేని ట్రాక్టరును ఆఖరి క్షణంలో తప్పించుకుని పొలంలోకి దిగిపోయాడు. అప్పటినుంచి హైవే మీద చీకటి పడితే ఏ ఊరు దగ్గరైతే ఆ ఊళ్లో ఆగిపోతాడు, పండగైనా సరే. మా వీధిలో ఒకావిడ చున్నీ చక్రంలో చుట్టుకుని మెడ దగ్గర కోసుకుపోయింది. ఆమె ఇప్పుడు బండి ఎక్కేముందు చున్నీ నడుముకు కట్టి ముడి వేసుకుంటుంది, తన వెనక ఎక్కేవాళ్లతోనూ వేయిస్తుంది.

మీ మలుపుకు మీ పాఠం ఏమిటంటే, వేగం తగ్గించే పని మలుపులోకి వెళ్లక ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. తడిగా ఉంటే మామూలుగా తగ్గించేదానికంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. మలుపు మధ్యలో ఏదైనా అడ్డమొస్తే ముందు బండిని నిటారుగా లేపి, ఆ తర్వాత రెండు బ్రేకులూ వేయాలి. ఇది చదివితే రాదు. ఆదివారం పొద్దున ఆరింటికి ఖాళీగా ఉండే తిన్నని, పొడి వీధి ఒకటి వెతుక్కోండి. 20 వేగంలో మొదలుపెట్టండి. ఒక కరెంటు స్తంభం గుర్తు పెట్టుకుని, అది రాగానే ఆపండి. మొదట కాలి బ్రేకు ఒక్కటే వాడి ఎక్కడ ఆగిందో చూడండి. తర్వాత రెండూ కలిపి. ముందు బ్రేకును నిమ్మకాయ పిండినట్టు పట్టాలి, మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారిగా గుంజకూడదు. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. నెమ్మదిగా 30కి, 40కి వెళ్లండి. 40 దగ్గరకు వచ్చేసరికి కాలి బ్రేకుతో పట్టే దూరం దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ తేడా మీ కళ్లతో మీరు చూడాలి. నాలుగైదు ఆదివారాలు చేస్తే చేతికి అలవాటవుతుంది.

టైరు కూడా చూడండి. టైరు పక్క గోడ మీద చిన్న గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఉన్నా పాతబడిన రబ్బరు గట్టిపడి తడిలో జారుతుంది. గాడుల అడుగున చిన్న కట్టల్లాంటివి ఉంటాయి, టైరు అరిగి వాటికి సమానమైతే మార్చేయాలి. గాలి వారానికోసారి చూపించండి. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరుకు ఎంత ఉండాలో చైను కవరు మీది స్టిక్కరులోనో, బండి పుస్తకంలోనో ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యానికి వస్తాను. "అదీ పడగానే ఊడిపోయింది." మీ తలకు మంచి హెల్మెట్, ఆమె తలకు టోపీ. చాలా ఇళ్లలో ఇంతే జరుగుతుంది. పోలీసు ఆపకుండా ఉండటానికి వెనకవాళ్లకు ఏదో ఒకటి పెడతాం. కర్ణాటకలో 2016 నుంచి వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి, అయినా మనం దాన్ని ఫైన్ లెక్కలోనే చూస్తున్నాం. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయిన ద్విచక్ర వాహనదారులు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. వాళ్ల చేతిలో హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు. ముందు కూర్చున్న మనిషిని నమ్మి ఎక్కారు. నేను ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. నేనూ అదే చేశాను, నా అదృష్టం బాగుండి ఆ రోజు వెనక ఎవరూ లేరు.

మీ ఆవిడ మిమ్మల్ని ఒక్క మాట అనలేదని రాశారు. అన్నీ సర్దుకున్నాయని దానికి అర్థం తీసుకోకండి. మీరు నలిగిపోతున్నారని చూసి ఆగి ఉండొచ్చు. ఒక సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి కూర్చుని ఆమెకు మీరే చెప్పండి. కాలి బ్రేకు తొక్కాను, అది నా పొరపాటు. హెల్మెట్ పట్టీ పెట్టుకున్నావా అని అడగలేదు, అదీ నాదే. ఇలా పేరు పెట్టి చెప్పండి. "నా వల్లే నీకిలా అయింది, నేను పనికిరాను" అని ఏడిస్తే ఆమె మళ్లీ మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, ఎముక విరిగింది ఆమెకు. చెప్పాక ఆగండి. ఆ రోజు ఆమెకు ఎలా అనిపించిందో ఆమె చెప్పేదాకా మీరు మాట్లాడకండి. ఇంకెప్పుడూ బండి ఎక్కనంటే ఆ నిర్ణయం ఆమెది, గౌరవించండి. ఎక్కుతానంటే ఎప్పుడన్నదీ ఆమే చెప్పాలి. పట్టుచీర రోజున ఆటోనో క్యాబో తీసుకోండి. ఒక పక్కకు కూర్చుంటే బండి కదలికకు తగ్గట్టు ఒళ్లు సర్దుకోవడానికి వీలుండదు, పట్టుకోవడానికి ఒక చెయ్యే ఉంటుంది. ఫంక్షన్‌కు వెళ్లేటప్పుడు రెండు వందలు మిగుల్చుకోవాల్సిన అవసరం మీ ఇద్దరికీ లేదనుకుంటాను.

మీ భయం గురించి. స్నేహితులు చెప్పినట్టు ఎక్కేసి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లోకి దూరవద్దు. భయంతో ఒళ్లు బిగుసుకున్న మనిషి మళ్లీ కాలి బ్రేకే తొక్కుతాడు. మొదటి వారం బండి తుడిచి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు మీద కూర్చుని దిగిపోండి. తర్వాత వీధి చివర టీ కొట్టుదాకా, ఒంటరిగా, పొద్దున పూట వెళ్లి రండి. ఆ తర్వాత ఆదివారం బ్రేకు సాధన. ఆ మలుపుకు బండి మీద వెళ్లే ముందు ఒకసారి నడిచి వెళ్లండి. మీరు పడిన చోట నిలబడి, ఇసుక ఎక్కడ చేరుతుందో, మలుపు అవతల ఎంత దూరం కనిపిస్తుందో చూడండి. నేను బన్నేరుఘట్ట రోడ్డులో ఆ బస్ స్టాపులో అరగంట నిలబడ్డాను. పదిమందైనా బస్సు ముందు నుంచి దాటారు. అదొక మామూలు స్టాపు, నాకు పగబట్టిన చోటు కాదని ఆ రోజే అనిపించింది. ఈలోగా ఆఫీసుకు తొందరేమీ లేదు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలైంది కదా, బొమ్మనహళ్లిలో ఎక్కితే ఎలక్ట్రానిక్ సిటీలో దిగొచ్చు.

కానీ రాత్రిళ్లు అదే కళ్లముందు ఆడుతోందన్నారు, మూడు నెలలైందన్నారు. ఇలాంటివి మొదటి కొన్ని వారాలు ఎవరికైనా ఉంటాయి, నెల దాటినా నిద్ర పట్టకపోతే, హారన్ వింటే గుండె దడదడలాడుతుంటే డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. పిరికితనమని సిగ్గుపడొద్దు. 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. మానసిక వైద్యానికి పేరున్న ప్రభుత్వ ఆస్పత్రి నిమ్హాన్స్ కూడా మీకు దగ్గరే, అదే హోసూర్ రోడ్డు మీద ఉంది. నిద్ర కుదుటపడేదాకా ట్రాఫిక్‌లో బండి తోలకండి.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న పాలసీలో వెనక కూర్చున్నవారికి పరిహారం దక్కకపోవచ్చు, సుప్రీంకోర్టు 2006లోనే అలా తీర్పు చెప్పింది. వెనక కూర్చున్నవారికీ వర్తించే ప్యాకేజీ పాలసీ తీసుకోండి. నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో కూడా చూసుకోండి.

ఆ ఆటో ఆయన్ను మీరు గుర్తుపెట్టుకున్నారు, అది నాకు నచ్చింది. రేపు మీ ముందు ఇంకెవరో పడతారు, అప్పుడు ఆగండి. పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ భయం అక్కర్లేదు, సాయం చేసినవాళ్లను వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ చేర్చారు. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చేయండి. పడినవాళ్లకు ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగొద్దు, మెడ దెబ్బతిని ఉండొచ్చు. మత్తుగా ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, మనవాళ్లు ముందుగా చేసేది అదే. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నగదు లేకుండా ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ఆస్పత్రిలో అడగాలని గుర్తుంచుకోండి.

ఇప్పుడు బండి అమ్మాలా వద్దా అంటే, నాలుగైదు ఆదివారాల తర్వాత మీకే తెలుస్తుంది. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే అమ్మేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఒప్పుకుంటే నాన్నగారికి ఫోన్ చేసి, ముందు బ్రేకు ఎలా పట్టాలో మీరు నేర్చుకున్నది చెప్పండి. ఆయన కూడా ఊళ్లో బండి మీదే తిరుగుతూ ఉంటారు కదా.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. ఆ రోజు మీరు పెట్టుకున్న హెల్మెట్ ఇంకా వాడుతుంటే ఆపేయండి. లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బను ఆపలేదు, పైకి గీత మాత్రమే కనిపించినా సరే. ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్లి, ఆమెకూ మీకూ ఒకే రకం ఫుల్ ఫేస్ హెల్మెట్లు కొనుక్కోండి. ఐఎస్ఐ ముద్ర, కింద ఐఎస్ 4151 అన్న అంకె ఉండాలి. ఆ ముద్ర లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి నిబంధన ఉన్నా రోడ్డు పక్కన ఇంకా అమ్ముతూనే ఉన్నారు. పెట్టుకున్నాక పట్టీ బిగించి, వెనక నుంచి పైకి నెట్టి చూడండి. కదిలి ముందుకు ఊడొస్తే ఆ సైజు పెద్దది. బుగ్గలు కొంచెం నొక్కుకున్నట్టు ఉంటేనే సరైన సైజు, కొన్నాళ్లకు లోపలి మెత్త అణుగుతుంది. మీ ఆవిడను కొప్పు పెట్టుకుని రావద్దని చెప్పండి, కొప్పు మీద సరిపోయిన హెల్మెట్ జడ వేసుకున్న రోజు వదులైపోతుంది.